టెక్ సందేహాలు: ట్రైనింగ్ అయింది, పాస్‌వర్డ్ మాత్రం నెట్ సెంటర్‌లో ఉంది

ఆదోని, తాడిపత్రి, ప్రొద్దుటూరు, గుంతకల్లు. ఊర్లు వేరైనా ఫిర్యాదు ఒకటే. చూపు లేనివాళ్లు, చూపు బాగా తక్కువున్నవాళ్లు డిగ్రీ ముగించి, ఉద్యోగానికి పనికొస్తుందని కంప్యూటర్ ట్రైనింగ్ తీసుకుంటున్నారు. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ప్రోగ్రామ్ సాయంతో వర్డ్ వస్తుంది, ఎక్సెల్ వస్తుంది, కీబోర్డు చూడకుండా టైపింగ్ వస్తుంది. కానీ తమ మెయిల్ తాము తెరవలేరు. పాస్‌వర్డ్ అన్న దగ్గరో, నెట్ సెంటర్ దగ్గరో ఉంటుంది. ఈసారి కాలమ్ మొత్తం వీళ్లకే.

"మా తమ్ముడికి చూపు లేదు. బీఏ అయింది. కర్నూలులో ట్రైనింగ్‌కు పంపుతున్నాం. టచ్ స్క్రీన్ లాప్‌టాప్ అయితే సులువని షాపులో చెప్పారు. స్క్రీన్ రీడర్ కూడా ఫ్రీగా వేసిస్తామన్నారు. తీసుకోవచ్చా?" - ఆదోని నుంచి ఒక అక్క

టచ్ స్క్రీన్ కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. మీ తమ్ముడు పనిచేసేది కీబోర్డుతో. కాబట్టి చూడాల్సింది కీబోర్డునే. మీటలు వేలికి విడివిడిగా తగలాలి, ఎఫ్, జె మీటల మీది గీతలు తెలియాలి, ఇయర్‌ఫోన్ జాక్ ఉండాలి. ర్యామ్ 8 జీబీకి తగ్గొద్దు.

ఈమధ్య వస్తున్న సన్నటి లాప్‌టాప్‌ల మీద నాకు చాలా కోపంగా ఉంది. పై వరుసలోని ఎఫ్ మీటలకు వాల్యూమ్, బ్రైట్‌నెస్ పనులు అప్పగించి, వాటి అసలు పనిని వెనక్కి నెట్టేస్తున్నారు. ఎక్సెల్‌లో గడి దిద్దుదామని ఎఫ్2 నొక్కితే, కొన్నింటిలో వాల్యూమ్ తగ్గిపోయి స్క్రీన్ రీడర్ గొంతు మూగబోతుంది. చూపున్నవాళ్లకు ఇది చిరాకు మాత్రమే. ఇంటర్వ్యూలో కూర్చున్న చూపులేని కుర్రాడికి అక్కడితో పరీక్ష అయిపోయినట్టే. కొనేముందు, ఎఫ్ మీటలను వాటి అసలు పనికి తిప్పే ఎఫ్ఎన్ లాక్ ఉందో లేదో అడగండి. స్క్రీన్ రీడర్ షార్ట్‌కట్‌లకు వాడే ఇన్సర్ట్ మీట లేకపోయినా ఫర్వాలేదు, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో క్యాప్స్ లాక్‌ను దాని బదులు పెట్టుకోవచ్చు.

షాపువాళ్లు వేసిస్తామన్న స్క్రీన్ రీడర్ మాత్రం వద్దనండి. ఎన్‌వీడీఏ నిజంగానే ఉచితం. చూపులేని ప్రోగ్రామర్ మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో దాన్ని మొదలుపెట్టారు. దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్‌ను డబ్బిచ్చి కొనాలి. కొనకుండా వాడితే 40 నిమిషాలకు ఆగిపోతుంది, మళ్లీ కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. ఆ అడ్డు తీసేశామంటూ క్రాక్ కాపీలు పెన్‌డ్రైవ్‌లలో తిరుగుతుంటాయి. స్క్రీన్ రీడర్ చేసే పని ఏమిటో ఒకసారి ఆలోచించండి. తెర మీది ప్రతి అక్షరాన్నీ చదువుతుంది, మీరు నొక్కే ప్రతి మీటనూ గమనిస్తుంది. అలాంటి ప్రోగ్రామ్‌ను ఎవరో పగలగొట్టి ఇస్తే, లోపల ఇంకేం కలిపారో ఎవరికి తెలుసు?

లాప్‌టాప్ పెట్టె విప్పగానే షాపులోనే ఖాతా తెరిచి, 1234 అని ఏదో పాస్‌వర్డ్ పెట్టి చేతికిస్తుంటారు. ఆ పని మీ తమ్ముడితోనే చేయించండి. విండోస్ మొదటిసారి తెరుచుకునేటప్పుడే కంట్రోల్, విండోస్, ఎంటర్ మీటలు కలిపి నొక్కితే విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ నరేటర్ మాట్లాడుతుంది. మొదటి పాస్‌వర్డ్ ఆయన వేళ్లతోనే పడాలి.

"పుట్టుకతోనే నాకు చూపు లేదు. అనంతపురంలో మూడు నెలల కోర్సు చేశాను. అప్లికేషన్లన్నీ మా ఊరి నెట్ సెంటర్ అన్న నింపేవాడు. మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఆయన పెట్టినవే. ఇప్పుడు ఆయన షాపు ఎత్తేశాడు. హాల్‌టికెట్ ఆ మెయిల్‌కే వచ్చిందంటున్నారు. టెన్షన్‌గా ఉంది." - తాడిపత్రి దగ్గర నుంచి

ముందు హాల్‌టికెట్ సంగతి. చాలా పరీక్షలకు రిజిస్ట్రేషన్ నంబరు, పుట్టిన తేదీ ఉంటే వెబ్‌సైట్ నుంచే దించుకోవచ్చు. ఆ నంబరు మీ ఫోన్‌కు వచ్చిన పాత ఎస్ఎంఎస్‌లలో ఉండొచ్చు, వెతకండి. తర్వాత ఫోన్‌లో ప్లే స్టోర్ ఏ ఖాతాతో నడుస్తోందో చూడండి. అదే మెయిల్ అయితే సగం పని అయిపోయింది. అక్కడి నుంచే పాస్‌వర్డ్ మార్చి, రికవరీ నంబరుగా మీ నంబరు పెట్టి, మిగతా పరికరాలన్నిటి నుంచీ సైన్ అవుట్ చేయండి. అది కాకపోతే ఆ అన్నను వెతికి పట్టుకోవడమే. రికవరీ నంబరు ఆయనదే అయితే, ఆయన ఫోన్‌కు వచ్చే కోడ్‌తో తప్ప ఆ ఖాతా తిరిగి రావడం కష్టం.

ఇన్ని ఉత్తరాల్లో నన్ను ఎక్కువగా భయపెట్టింది ఇదే. ఆ అన్న మంచివాడే కావచ్చు. కానీ ఆ షాపు కంప్యూటర్‌లో ఏమేం ఉండిపోయాయో లెక్క వేయండి. ఆధార్, దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ), డిగ్రీ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటో, సంతకం, వాటితోపాటు మెయిల్ పాస్‌వర్డ్. ఆ కంప్యూటర్ ఇప్పుడు ఎవరికి అమ్ముడుపోయిందో మీకు తెలియదు. మీ పేరు మీద లోన్ యాప్‌లో అప్పు అడగడానికి అవి పనికొస్తాయి. ఇంకా నీచమైన మోసం ఒకటుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్, అందులో చూపు లేనివారికి, చూపు తక్కువున్నవారికి 1 శాతం. మీ వైకల్య శాతం, చదువు, ఫోన్ నంబరు చేతిలో ఉన్నవాడు "మీ కోటాలో బ్యాక్‌లాగ్ పోస్టు ఉంది, ఈరోజే ఫీజు కట్టాలి" అని ఫోన్ చేస్తే, వివరాలన్నీ సరిగ్గా చెబుతున్నాడు కదా అని నమ్మేస్తారు. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగితే అది మోసమే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆధార్ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది, వేసుకోండి.

అసలు మీరు నెట్ సెంటర్‌కు ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో నాకు తెలుసు. మనిషేనని రుజువు కోసం కొట్టమనే క్యాప్చా అక్షరాలు బొమ్మలో ఉంటాయి, పక్కన వినిపించే బటన్ ఉండదు. పుట్టిన తేదీని క్యాలెండర్‌లో మౌస్‌తోనే ఎంచుకోమంటారు. బ్యాంకు పరీక్షలకు ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలంటారు. ఇవన్నీ సర్దుకునేలోపు సెషన్ అయిపోతుంది. దివ్యాంగుల కోటా ఉన్న ఉద్యోగానికి దివ్యాంగుడు సొంతంగా నింపలేని ఫారం పెట్టినవాళ్లను ఎవరూ నిలదీయడం లేదు.

అయినా సాయం తీసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. క్యాప్చా అవతలివాళ్లు చదివి చెప్పొచ్చు, ఫొటో సైజు తగ్గించి ఇవ్వొచ్చు. పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం మీరే కొట్టాలి. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తప్పనిసరి. కొన్ని యాప్‌లలో పిన్ కొట్టేటప్పుడు వేలు పెట్టిన ప్రతి అంకెనూ ఆండ్రాయిడ్ ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ పైకి చదువుతుంది, బస్టాండ్‌లో పక్కనున్నవాళ్లంతా వింటారు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆ గొంతు ఉన్నట్టుండి ఫోన్ స్పీకర్‌లోకి వచ్చేస్తుంది, అందుకే పిన్ కొట్టే పనులకు వైరు ఇయర్‌ఫోనే మేలు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లోని విషయం కనిపించకుండా సెట్టింగ్ పెట్టండి. టాక్‌బ్యాక్ మెనూలో తెరను దాచే ఆప్షన్ ఉంది, ఎన్‌వీడీఏలో తెరను నల్లగా చేసే స్క్రీన్ కర్టెన్ ఉంది. మీకు తెరతో పని లేనప్పుడు పక్కవాడికి దాన్ని చూపించడం ఎందుకు?

ట్రైనింగ్ ఇచ్చేవాళ్లకూ ఒక మాట. ఎక్సెల్‌లో వీలుకప్ ఫార్ములా నేర్పేముందు, సొంత మెయిల్ తెరవడం, రెండంచెల భద్రత పెట్టుకోవడం, పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి తెచ్చుకోవడం నేర్పండి. రేపు ఆఫీసులో చేరిన మొదటి గంటలోనే లాగిన్ ఇచ్చి, పాస్‌వర్డ్ మార్చుకో అంటారు. అప్పుడు పక్క సీటువాళ్లను పిలవాల్సి వస్తే ఆ మూడు నెలల కోర్సు దేనికి?

"నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా. కాస్త చూపుంది. టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు. యాక్సెసిబిలిటీ సర్వీస్ ఆపేయమంటోంది. ఆపేస్తే నేను యాప్ వాడలేను." - కడప నుంచి

బ్యాంకు భయంలో నిజముంది. టాక్‌బ్యాక్ నడిచేది యాక్సెసిబిలిటీ అనుమతితో. ప్లే స్టోర్ బయటి నుంచి ఏపీకే ఫైల్ రూపంలో వచ్చే దొంగ యాప్‌లు ముందుగా అడిగేదీ ఆ అనుమతినే. అది ఇస్తే తెర మీదున్నది చదవగలవు, మీ బదులు బటన్లు నొక్కగలవు. అందుకే ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి నుంచి వేసుకున్న యాప్‌లకు ఆ అనుమతి తేలిగ్గా దొరక్కుండా అడ్డు పెట్టారు. కానీ టాక్‌బ్యాక్‌కూ దొంగ యాప్‌కూ తేడా కనిపెట్టడం యాప్ రాసేవాళ్లకు సాధ్యమే. ఆ శ్రమ పడకుండా అన్నిటినీ కలిపి ఆపేయమనడం సోమరితనం. యాప్ తెరుచుకోక మీరు ఫోన్, పిన్ రెండూ ఇంకొకరికి ఇస్తే, భద్రత పేరుతోనే మీ భద్రత పోయినట్టు.

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఏయే సర్వీసులు ఆన్‌లో ఉన్నాయో చూడండి. మీరు పెట్టుకోనిది ఏదైనా ఉంటే తీసేయండి, ఒక్కోసారి అసలు కారణం అదే అవుతుంది. టాక్‌బ్యాక్‌ను ప్లే స్టోర్ నుంచి అప్‌డేట్ చేయండి. అప్పటికీ రాకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 2025 ఏప్రిల్ 30న ప్రగ్యా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. కేవైసీలో కళ్లు ఆర్పమనే పద్ధతితో ఇబ్బంది పడినవాళ్లు వేసిన కేసు అది. ఫిర్యాదులో ఆ తీర్పు ప్రస్తావించండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెబుతాను. మీ జబ్బులో చూపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వస్తుంది. తెరను మూడింతలు పెద్దది చేసుకుంటే, ఉన్న కాస్త చూపులో ఒకటి రెండు పదాలే పడతాయి. లాప్‌టాప్ మీద రోజంతా ముక్కు పెట్టి చదవడం కంటే, కళ్లు పనిచేస్తున్నప్పుడే కీబోర్డు షార్ట్‌కట్‌లు, స్క్రీన్ రీడర్ నేర్చుకోండి. చూపు కాస్త ఉన్నవాళ్లు "నాకు అప్పుడే అవి ఎందుకు" అని వాయిదా వేస్తుంటారు. మీరు వేయొద్దు.

"మా పిల్లలకు పాత ప్రశ్నపత్రాలు ఇస్తే ఎన్‌వీడీఏ ఏవేవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు చదువుతోంది. తెలుగు వాయిస్ పెట్టినా అంతే." - కర్నూలులో ఒక ట్రైనర్

వాయిస్ తప్పు కాదు. ఆ ఫైల్ అను లాంటి పాత తరహా తెలుగు ఫాంట్లలో టైప్ చేసింది. తెర మీద తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు. తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లిచ్చే యూనికోడ్ వచ్చి ఇన్నేళ్లయినా మన డీటీపీ సెంటర్లు, కాలేజీలు, ఆఫీసులు ఇంకా అలాగే టైప్ చేస్తున్నాయి. లేదంటే ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పీడీఎఫ్ పెడతారు. అప్పుడు స్క్రీన్ రీడర్‌కు అది ఖాళీ కాగితం. పక్కన ఇంకొక యూనికోడ్ ఫైల్ పెట్టడానికి పైసా ఖర్చు లేదు. ఉద్యోగ నోటిఫికేషన్‌లోనే ఇలా చేస్తే, చూపులేని అభ్యర్థికి ఖాళీలు ఎన్నో, చివరి తేదీ ఏదో ఇంకొకరు చదివి చెబితే తప్ప తెలియదు. చదివి పెట్టేవాడే ఫారం నింపుతాడు, ఫారం నింపేవాడే పాస్‌వర్డ్ పెడతాడు. తాడిపత్రి ఉత్తరం అక్కడి నుంచే పుట్టింది.

ప్రస్తుతానికి ఆ పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగును బాగానే గుర్తుపట్టి అక్షరాలుగా మారుస్తుంది, తప్పులు మీరు దిద్దాలి. వెతికితే కనిపించే ఊరూపేరూ లేని కన్వర్టర్ సైట్లలో ప్రశ్నపత్రాలు పెడితే పెట్టండి గానీ, పిల్లల ఆధార్, మార్కుల లిస్టులు మాత్రం ఎక్కించకండి.

"ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ చేయమంటారు. స్క్రీన్ రీడర్ గొంతు వాళ్లకు వినిపిస్తుందా?" - ప్రొద్దుటూరు నుంచి

షేర్ చేసేటప్పుడు కంప్యూటర్ సౌండ్ కలపమనే గడిలో టిక్ ఉంటే వినిపిస్తుంది, తీసేయండి. ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లేకపోతే మైక్ దాన్ని పట్టేస్తుంది. తెర మొత్తం కాకుండా ఒక్క విండోనే షేర్ చేయండి, అప్పుడు మధ్యలో వచ్చే మెసేజ్‌లు వాళ్లకు కనిపించవు. స్క్రీన్ రీడర్ వాడతానని, పరీక్ష ఫైల్ యూనికోడ్‌లో కావాలని రెండు రోజుల ముందే మెయిల్ పెట్టండి. ప్రభుత్వ సంస్థ అయితే అలాంటి ఏర్పాటు చేయడం 2016 చట్టం ప్రకారం వాళ్ల బాధ్యత. ప్రైవేటు కంపెనీ అయినా మొహమాటపడకుండా అడగండి. ఆ మెయిల్ మీ సొంత ఐడీ నుంచి, మీరే టైప్ చేసి పంపండి.