విరాళాల వేలంలో పాట మధ్యలో చల్లారిపోకుండా ఉండాలంటే

మొదటి రెండు మూడు వస్తువులకు పాట బాగానే సాగి, ఆ తర్వాత ఎంత గొంతు పెంచినా చేతులు లేవడం లేదని అడిగారు. గొంతు పెంచితే పాట పెరగదు. ఒక పాటకీ తర్వాతి పాటకీ మధ్య ఖాళీ ఎక్కడ వస్తోందో చూడండి. అది నాలుగైదు సెకన్లు సాగితే చాలు, చెయ్యెత్తబోయినవాళ్లు పక్కవాళ్లతో కబుర్లలో పడతారు.

ఎక్కువసార్లు ఆ ఖాళీకి కారణం లెక్క. తర్వాతి అంకె ఎంతో వేదిక మీద ఆలోచించకూడదు, పెంపు ముందే కాగితం మీద రాసుకోవాలి. నడుస్తున్న పాటలో పదో వంతుకూ ఇరవయ్యో వంతుకూ మధ్య పెంపు సరిపోతుంది: 5,000 నుంచి 10,000 దాకా 500 చొప్పున, 20,000 దాకా 1,000 చొప్పున, ఆపైన 2,000 చొప్పున. పెంపు మార్చేటప్పుడు రౌండ్ ఫిగర్ దగ్గరే మార్చండి, వినేవాళ్లకు తికమక ఉండదు. మొదలుపెట్టే ధర వస్తువు విలువలో మూడో వంతు దగ్గర ఉంచండి. సగం దగ్గర మొదలుపెడితే ఒక్క చెయ్యే లేస్తుంది, మిగతావాళ్లు ప్రేక్షకులైపోతారు. మొదట్లో నలుగురైదుగురు పాడితేనే చివరికి ఇద్దరు గట్టిగా నిలబడతారు.

అడిగే మాటలో ఎప్పుడూ రెండు అంకెలుండాలి, వచ్చింది ఎంత, కావలసింది ఎంత: "ఎనిమిది వేలు వచ్చింది, ఎనిమిదిన్నర ఎవరు?" ఊరికే "ఇంకెవరైనా?" అంటే ఎంతకు చెయ్యెత్తాలో ఎవరికీ తెలియదు.

ఇద్దరే మిగిలి 14,000 దగ్గర ఆగిందనుకోండి. వెనకబడినవారి కళ్లలోకి చూసి "15 అంటారా?" అని అడిగి, రెండు సెకన్లు ఆగండి. తల అడ్డంగా ఊపితే "పోనీ, 14న్నర?" అనండి. ఈ సగం పెంపును ఒక వస్తువుకు ఒక్కసారే వాడాలి. తొందరపడి ముందే వాడితే అవతలివారూ సగం సగమే పెంచుతారు, పాట నీరసపడుతుంది. అప్పటికీ కాదంటే థాంక్స్ చెప్పి వదిలేయండి. మూడోసారి అడిగితే నలుగురిలో ఇబ్బంది పెట్టినట్టవుతుంది, తర్వాతి వస్తువుకు వాళ్లు చెయ్యి ఎత్తరు. అప్పుడు హాలంతా ఒకసారి చూసి ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేసి ఖాయం చేసేయండి. అప్పటికి అందరికన్నా ఎక్కువ పాడినవారే పొరపాటున మళ్లీ చెయ్యెత్తితే "పాట మీదే ఉందండీ" అని చెప్పాలి, పెంచకూడదు. లేని పాటను ఉన్నట్టు పలకడం అసలే వద్దు. అవతలివాళ్లు ఆగిపోతే వస్తువు మీ దగ్గరే మిగిలిపోతుంది, పైగా సాయం పేరుతో డబ్బడిగే చోట నమ్మకం ఒకసారి పోతే తిరిగి రాదు.

హాలు ఏర్పాటును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వేదిక లైట్లు కళ్లలో కొట్టి, హాలు మసకగా ఉంటే వెనక టేబుళ్ల చేతులు కనబడవు. వేలం సాగినంతసేపూ హాలు లైట్లన్నీ వెయ్యండి. ప్రతి ఎనిమిది, పది టేబుళ్లకు ఒక మనిషిని నిలబెట్టి, చెయ్యి కనిపించగానే గట్టిగా పలకమనండి. వెనక వరుసల దగ్గర కూడా స్పీకరు ఉండాలి. ఆ సమయంలో వడ్డన ఆపించండి.

వస్తువులు ఎనిమిది నుంచి పది చాలు, ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు, అందులో వర్ణన అర నిమిషం మించకూడదు. మీకు మూడోదాని తర్వాత చల్లబడుతోందంటే బహుశా మంచివన్నీ ముందే పెట్టేస్తున్నారు. అందరికీ అందుబాటులో ఉండేదానితో మొదలుపెట్టి, అన్నిటికన్నా ఖరీదైనవాటిని నాలుగు నుంచి ఆరో స్థానాల్లో ఉంచండి. ఒకే రకం వస్తువులు పక్కపక్కన వద్దు, కొనేవాళ్లు వాళ్లే కదా. బస, ప్రయాణం లాంటివి ఇచ్చిన దాతను "అదే ధరకు రెండోది కూడా ఇస్తారా?" అని ముందుగా అడిగి ఉంచుకోండి. ఒప్పుకుంటే, ఇద్దరూ హోరాహోరీగా పాడినప్పుడు ఓడినవారికీ చివరి ధరకే ఇవ్వొచ్చు, రాబడి దాదాపు రెట్టింపవుతుంది.

వస్తువు లేకుండా నేరుగా విరాళం అడిగే ఘట్టాన్ని మూడింట రెండు వంతుల వస్తువులయ్యాక పెట్టండి. పెద్ద మొత్తం నుంచి కిందికి దిగాలి, ఐదారు మెట్లలో, ఒక్కోటీ పైదానిలో సుమారు సగం. చిన్న మొత్తంతో మొదలుపెడితే పెద్దది ఇవ్వగలవాళ్లు కూడా అక్కడే చెయ్యెత్తి ఊరుకుంటారు. మొదటి మెట్టుకు ఒక దాతను ముందే ఒప్పించి ఉంచండి. నిజంగా ఇచ్చేవారై ఉండాలి సుమా. ప్రతి మొత్తం ఏ పనికి వెళుతుందో ఒక్క వాక్యంలో చెప్పి, చెయ్యెత్తిన ప్రతివారి నంబరునూ (పాడేవారికి ముందే ఇచ్చిన కార్డు మీది అంకె) పైకి చదవండి.

ఇద్దరు వేర్వేరుగా నంబరు, ధర రాసుకోవాలి, వస్తువు ఖాయమైన వెంటనే సరిపోల్చుకోవాలి. తేడా ఉంటే అప్పుడే అడగండి, చివర్లో డబ్బు కట్టే వరుసలో తేలదు.