గడ్డిచెప్పులా, గడ్డిపాదుకలా?

సందేహం: జపానువాళ్లు వరిగడ్డితో అల్లుకునే ‘వరాజీ’లను గడ్డిచెప్పులంటే ఒక మిత్రుడు తప్పుపట్టారు. చెప్పు హిందీ ‘చప్పల్’ నుంచి వచ్చిందట, తోలువాటికే చెల్లుతుందట. నిజమేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మాట మాటను పోలితే చాలు, చుట్టరికం కలిపేయడం ఈమధ్య ఎక్కువైంది. ఇరుగుపొరుగు భాషల వంక చూడరు. చెప్పు తమిళంలో ‘చెరుప్పు’, మలయాళంలో ‘చెరిప్పు’, కన్నడంలో ‘కెరహు’. మొదటి అక్షరం నిజానికి కకారమే. కన్నడం నిలుపుకుంది, మనం చకారం చేసుకున్నాం. వాళ్ల ‘కెఱె’ మన చెఱువు, వాళ్ల ‘కివి’ మన చెవి. మరి నడిమి ‘రు’ ఏమైంది? తమిళ ‘నెరుప్పు’ మనకు నిప్పు, ‘ఇరుప్పై’ మనకు ఇప్ప. ‘ప్ప’కారం ముందు ‘రు’ జారిపోవడం మనకు మామూలే. చెరుప్పుదీ అదే దారి. ఇక చప్పల్‌తో పనేముంది?

తోలు నియమమూ నిలవదు. రబ్బరు చెప్పులకు లేని అభ్యంతరం గడ్డికెందుకు?

పాదుక అంటే కొయ్యదే అనుకునేవారూ ఉన్నారు. బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం, పాళీ వినయపిటకంలోని మహావగ్గం చూడండి. భద్దియ పట్టణంలో భిక్షువులు ‘తిణపాదుక’, ‘ముంజపాదుక’ అంటూ గడ్డితో, ముంజ అనే రెల్లుజాతి గడ్డితో రకరకాలు చేసుకుంటూ చదువు మరిచారని బుద్ధుడు వాటిని నిషేధించాడు. గడ్డి అల్లకం మన నేలకూ పాతదేనన్నమాట.

వరాజీ అల్లడానికి కొడవలితో కోసిన పొడవాటి గడ్డి కావాలి. హార్వెస్టర్ గడ్డి నలిగి తునకలవుతుంది. తడిపి, కొయ్యసుత్తితో మెత్తగా కొట్టాలి. కొట్టకుండా పురి పెడితే పుటుక్కున తెగుతుంది. పేనిన తాడును కాలివేళ్లకు తగిలించి నాలుగు పోగుల పడుగుగా లాగి, గడ్డిని పేకగా కిందికీ పైకీ తిప్పుతారు. వరంగల్ కొత్తవాడ జంపఖానా నేసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. పక్క ఉంగరాల గుండా తాడు పోనిచ్చి చీలమండకు కడతారు. జపానువాళ్ల మరో రకం చెప్పు ‘జోరీ’కి ఆ కట్టు ఉండదు, వేలిసందు పట్టీయే ఆధారం. రెంటినీ ఒకే పేరుతో రాయడం పొరపాటు.

వాడుకకు గడ్డిచెప్పులు బాగానే ఉంది. శాస్త్రగ్రంథంలో గడ్డిపాదుకలన్నా కాదనను. వరాజీ అని ఉంచి పక్కన వివరించడమే నాకు ఎక్కువ ఇష్టం. ‘ఎండుగడ్డి చెప్పులు’ మాత్రం వద్దు. ఎండినది ఏ గడ్డైనా ఎండుగడ్డే, వీటికి కావలసింది వరిగడ్డి.