గొరిల్లాల సంసారం చేతికొచ్చినప్పుడు

తిరుపతి నుంచి

చిరంజీవి తల్లికి పెదనాయన ఆశీస్సులు.

శేషాచలం అంచున మన జూలో పులులున్నాయి, సింహాలున్నాయి, గొరిల్లా లేదు. యూనివర్సిటీలో నువ్వు చదివిందీ ఎక్కువగా ఆవులూ గొర్రెలే. నువ్వు చేరబోయే ఐరోపా జూలో మాత్రం గొరిల్లాల కుటుంబమే నీ చేతికి వస్తోంది కాబట్టి, వెళ్ళీ వెళ్ళగానే అక్కరకొచ్చేవి కొన్ని రాస్తున్నాను.

ఎదకొచ్చిన ఆవును దాటించినట్టు దీన్ని చూడొద్దు. కుటుంబం చెదరకుండా ఉంటే గొరిల్లాలు వాటంతట అవే కలుస్తాయి, కంటాయి. చిక్కు వచ్చేది పుట్టిన మగపిల్లల దగ్గర. పుట్టేవాటిలో సుమారు సగం మగవి. కుటుంబానికి కావలసింది వీపు నెరిసిన పెద్దమగ ఒక్కటే. అందుకే ఆడదానికి గర్భనిరోధక మాత్ర ఆపకముందే, కొడుకు పుడితే ఎనిమిదేళ్ళకు ఎక్కడికి పంపాలో తేలి ఉండాలి. ఆ జవాబు లేకుండా బిడ్డను కోరడం తప్పని నా గట్టి అభిప్రాయం. జూలన్నిటి గొరిల్లాల వంశావళి చూసే సమన్వయకర్త అక్కడ ఉంటారు. ఏ ఆడది కనాలి, ఏది ఆగాలి అన్నది వాళ్ళతోనే తేల్చుకో.

ఏడెనిమిదేళ్ళకు తండ్రి కొడుకును తరమడం మొదలుపెడుతుంది. అప్పుడే ఇంచుమించు అదే ఈడు సవతి తమ్ముడిని తోడిచ్చి మగవాటి గుంపుకు పంపితే ఇముడుతుంది. పన్నెండు దాటి వీపు నెరిశాక కొత్త మగవాటి మధ్య వదిలితే కోరలతోనే తేల్చుకుంటాయి. 2021లో జర్మనీలోని డూయిస్‌బర్గ్ జూ నుంచి మైసూరు జూకు వచ్చిన థాబో, డెంబా అనే గొరిల్లాలు రెండూ మగవే. పిల్లలు పుట్టని చోటని అలాంటి జూని తక్కువగా చూడకు. మిగులు మగవాటికి చోటిచ్చేవాళ్ళు లేకపోతే కుటుంబాలున్న జూలలో కాన్పులు ఆపేయాల్సిందే.

మాత్రల గురించి ఒక మాట. మనుషుల మాత్రలే వీటికీ వాడతారు. పాలిచ్చే తల్లికి ఈస్ట్రోజన్ ఉన్నది వద్దు, పాలు తగ్గుతాయి. మాత్ర ఇచ్చాక నోరు తెరిపించి చూడాలి, బుగ్గన దాచి తర్వాత ఉమ్మేస్తాయి.

కొత్త ఆడది వస్తే తొందర పనికిరాదు. క్వారంటైన్ రోజులు అయ్యాక ముందు దూరం నుంచి ఒకదాన్నొకటి చూడనివ్వు, తర్వాత జాలీ తలుపుకు అటూ ఇటూ ఉంచు. జాలీ దగ్గర పక్కపక్కన కూర్చుని తింటున్నాయంటే సగం పని అయినట్టు. మొదట పెద్దమగతో ఒంటరిగా కలుపు. పాత ఆడవి కొత్తదాని మీద పడినప్పుడు మధ్యకు దూరి విడదీసేది అదే కాబట్టి ముందు దానితో చనువు కుదరాలి. తర్వాత ఆడవాటిలో నెమ్మదైనదాన్ని, ఆపైన మిగతావాటిని. పొద్దున్నే మొదలుపెట్టు, తిండి బాగా చల్లి ఉంచు, ఏ తలుపు ఎవరు లాగాలో ముందే చెప్పు. ప్రతి గదికీ రెండు దారులుండాలి. ఒక్క తలుపు గదిలోకి పారిపోయి వచ్చినది మూలకు చిక్కి చీలికలవుతుంది. పెద్దమగ భుజాలు పట్టని సందు ఒకటి ఉంటే ఆడవీ పిల్లలూ అందులోంచి తప్పుకుంటాయి. అరుపులకూ, పై పై గాట్లకూ నీళ్ళపైపు ఎత్తవద్దు. పట్టిన పట్టు వదలకుండా కొరుకుతుంటేనే జోక్యం. ఆవరణ చుట్టూ నీటి కందకం ఉందేమో వెళ్ళిన రోజే చూసుకో. గొరిల్లాకు ఈత రాదు. తరుముడులో నీళ్ళలో పడ్డది తిరిగి రావాలంటే అంచున లోతు తక్కువ మెట్టు, పట్టుకోవడానికి తాళ్ళవల ఉండాలి.

పెద్దమగ చనిపోతే కొత్తదాన్ని వెంటనే తెచ్చే ఆలోచన మానుకో. పాలు తాగే పిల్లలుంటే కొత్త మగ వాటిని చంపే ప్రమాదం ఉంది. అన్నిటికంటే చిన్న బిడ్డకు మూడేళ్ళు దాటేదాకా ఆడవీ పిల్లలూ మగ లేకుండానే ఉండనీ.

తిండి దగ్గర మన అలవాటు పక్కన పెట్టాలి. అలిపిరి మెట్లదారిలో కోతికి అరటిపండు పెట్టడం పుణ్యమనుకుంటాం. జూల అరటిపండులో ఉన్నంత తీపి అడవిపండులో ఉండదు, పీచు మాత్రం అడవిపండులోనే ఎక్కువ. రోజు తిండిలో చాలా భాగం ఆకుకూరలు, ఆకులున్న కొమ్మలు కావాలి. పండు పదోవంతు దాటకూడదు. మన పలమనేరు వైపు పట్టుపురుగులకు వేసే మల్బరీ కొమ్మలు వాటికి ప్రాణం, మందార కొమ్మలూ పనికొస్తాయి. ఆకే కాదు, బెరడు కూడా ఒలుచుకు తింటూ గంటలు గడుపుతాయి. రోజుకు రెండుసార్లు గిన్నెలో పోసే పద్ధతి ఉంటే మార్పించు, అయిదారుసార్లు విడివిడిగా చల్లించు. తిన్నది కక్కి మళ్ళీ తినే అలవాటు కనిపిస్తే ముందు పాలూ, తీపి పానీయాలూ, పిండి ఎక్కువున్న బిస్కెట్లూ తగ్గించు. జూలలో పెద్దమగల్ని ఎక్కువగా బలిగొనేది గుండె జబ్బు, గుండె కండరం నారకట్టి గట్టిపడిపోతుంది. మత్తు లేకుండా ఎకో (గుండె స్కానింగు) తీయడానికి ఛాతీని జాలీకి ఆనించడం చిన్నప్పటి నుంచే నేర్పాలి. నీకు జలుబు చేస్తే సెలవు పెట్టు. మనిషి జలుబు వాటిని పడగొట్టగలదు. 2021 జనవరిలో శాండియాగో సఫారీ పార్కు గొరిల్లాలకు కోవిడ్ సోకింది.

ఇక కాన్పు. ఆడది ఎదకొచ్చినా చింపాంజీలా వెనక వాపు పెద్దగా కనిపించదు. ఆడదే మగ దగ్గరకు పోయి కళ్ళలోకి చూస్తూ నిలబడుతుంది, ఇది నెలకు రెండు మూడు రోజులే. ఆ తేదీలు రాసుకో. నెల తప్పితే మనుషుల మూత్ర పరీక్ష కిట్టే సరిపోతుంది. కలిసిన రోజు నుంచి సుమారు ఎనిమిదిన్నర నెలలు, 255 రోజుల లెక్క. ఈ నెలల్లో తల్లికి రెండు పనులు నేర్పించు: పొట్ట జాలీకి ఆనించి స్కానింగుకు నిలబడడం, గుడ్డబొమ్మను ఎత్తుకుని జాలీ దగ్గరకు తేవడం. రేపు పాలు చాలకపోతే బిడ్డను ఎత్తుకునే ఉండి జాలీ సందులోంచి సీసాపాలు పట్టించనిస్తుంది.

కాన్పుకు తల్లిని వేరుచేయొద్దు. కుటుంబం మధ్యనే కననీ, చిన్న ఆడవి చూసి నేర్చుకునేది అప్పుడే. పుట్టే బిడ్డ సుమారు రెండు కిలోలు. మనుషుల రాకపోకలు ఆపి, కెమెరాలో చూస్తూ మూడే మూడు రాయి: బిడ్డ వేళ్ళు తల్లి వెంట్రుకల్ని గట్టిగా పట్టాయా, చన్ను ఎన్నిసార్లు అందుకుంది, ఎంతసేపు తాగింది. తొలిచూలు తల్లి బిడ్డను తలకిందులుగా పట్టుకోవడం మామూలే, సర్దుకుంటుంది. తొలిరోజు తాగకపోయినా పట్టు గట్టిగా ఉంటే ఆగు. రెండో రోజు దాటుతున్నా ఒక్కసారీ తాగక, పట్టు సడలుతుంటే అప్పుడు బిడ్డను తల్లి నుంచి తీయాలి.

తీసినా ఆఫీసు గదికి తీసుకుపోకు. కుటుంబం కనిపించే, వాసన తగిలే గదిలోనే పెంచు, రాత్రింబవళ్ళు ఒంటికి అంటిపెట్టుకుని. 2013లో గ్లాడిస్ అనే గొరిల్లా పిల్లను అమెరికాలోని సిన్సినాటి జూలో సిబ్బంది బొచ్చు కోటు తొడుక్కుని, వీపున మోసి, పెంపుడుతల్లికి అప్పగించారు. మనుషుల మధ్యే పెరిగిన మగ, పెద్దయ్యాక ఆడదాన్ని ఎలా దగ్గరకు తీసుకోవాలో తెలియక మిగిలిపోతుంది. ఏడాది నిండకముందే వెనక్కు చేర్చాలి.

బిడ్డ చనిపోయి పుడితే తల్లి రోజుల తరబడి మోస్తూ తిరగవచ్చు. పోస్ట్‌మార్టం కోసం ఎంత ఒత్తిడి వచ్చినా లాక్కోవద్దు. అది తనంతట కింద పెట్టి పక్క గదికి తిండికి వచ్చినప్పుడు తలుపు మెల్లగా మూసి తీసుకో. ఆలస్యమైతే పరీక్షలో కొంత తెలియకుండా పోతుంది, పోనీ.

నీ పెదనాయన