భద్రాచలంలో 43, ధవళేశ్వరంలో 11.75: ఒకే గోదావరికి రెండు లెక్కలెందుకు?

ప్రశ్న: వరద రోజుల్లో భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద మాత్రం 11.75 అడుగులకే ఆ హెచ్చరిక వస్తుంది. దిగువకు వచ్చేసరికి నది లోతు అంతగా తగ్గిపోతుందా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: ఈ రెండు అంకెల్లో ఏదీ నది లోతును చెప్పదు. నీటిమట్టాన్ని చదివే కొలబద్దకు ఎక్కడో ఒకచోట సున్నా నిర్ణయించి, అక్కడి నుంచి నీరు ఎంత ఎత్తుకు లేచిందో లెక్కిస్తారు. భద్రాచలం కొలబద్దకు ఒక సున్నా ఉంది, ధవళేశ్వరం కొలబద్దకు మరొకటి ఉంది. ఒకరిని గడప మీద, మరొకరిని అరుగు మీద నిలబెట్టి వాళ్ల ఎత్తును నేల నుంచి కొలిస్తే ఇద్దరిలో ఎవరు పొడుగో తేలదు కదా, ఈ రెండు అంకెలను పోల్చడమూ అంతే.

మట్టం పెరిగే తీరు కూడా రెండుచోట్లా ఒకటి కాదు. భద్రాచలంలో మొదటి హెచ్చరికకూ 53 అడుగుల వద్ద ఇచ్చే మూడో హెచ్చరికకూ మధ్య 10 అడుగుల తేడా ఉంటే, ధవళేశ్వరంలో ఆ తేడా 11.75 నుంచి 17.75 వరకు, అంటే 6 అడుగులే. ధవళేశ్వరం వద్ద నది కొన్ని కిలోమీటర్ల వెడల్పున పరచుకొని ఉంటుంది కనుక, అక్కడ ఒక్క అడుగు పెరగడానికి చాలా ఎక్కువ నీరు రావాలి. ఆ 6 అడుగుల్లోనే ప్రవాహం 10 లక్షల క్యూసెక్కుల నుంచి 17 లక్షలకు చేరుతుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు.

ఈ క్యూసెక్కులను ఎవరూ నేరుగా చూసి చెప్పలేరు. నదిని అడ్డంగా భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగంలో లోతునూ, నీటిలో తిరిగే చిన్న యంత్రంతో వేగాన్నీ కొలిచి, అన్నింటినీ కూడితే ఆ మట్టానికి ప్రవాహం ఎంతో తెలుస్తుంది. ఇలా ఏళ్ల తరబడి కొలిచి తయారుచేసిన పట్టికను చూసి, వరద సమయంలో మట్టాన్ని బట్టి ప్రవాహాన్ని అంచనా వేస్తారు. అయితే వరద పెరుగుతున్నప్పుడు నీటివాలు ఎక్కువగా ఉండటం వల్ల, అదే మట్టం వద్ద, తగ్గుతున్నప్పటి కంటే ఎక్కువ నీరు పారుతుంది. పైగా ఇసుక మేటలు వేసినా, కోతపడినా పాత పట్టిక పనికిరాదు, మళ్లీ కొలవవలసిందే. అందువల్ల ఒక్క అంకెను కాక, గంటగంటకూ వచ్చే మార్పును గమనించాలని నా గట్టి అభిప్రాయం. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు అని భద్రాచలం చరిత్రను మనం ఈరోజు చెప్పుకోగలుగుతున్నామంటే, జోరువానలో, అర్ధరాత్రి వేళ కూడా కొలబద్దను చదివి రాసిన సిబ్బంది శ్రమే కారణం. ఆ పనికి మనం ఇచ్చే గౌరవం చాలదు.

ప్రశ్న: మా ఊరి రేవులో మేమే నీటిమట్టం కొలుచుకోవచ్చా?

జవాబు: తప్పకుండా కొలుచుకోవచ్చు. వేసవిలోనే, కదలని రేవుగోడకో స్తంభానికో రంగుతో గీతలు గీసి, సున్నా ఎక్కడ పెట్టారో పుస్తకంలో రాసిపెట్టండి. వరద వచ్చాక గీతల కోసం నీటిలోకి దిగవద్దు, ఒడ్డు నుంచే చదవాలి. అల ఎగసినప్పటి మట్టానికీ దిగినప్పటి మట్టానికీ మధ్యస్థాన్ని తీసుకోవాలి. సముద్రానికి దగ్గరి లంకల్లో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది కనుక, పోటు సమయాన్ని కూడా పక్కన రాయకపోతే ఆ పెరుగుదలనే వరదగా పొరబడే ప్రమాదం ఉంది. ప్రతి అంకె పక్కన ఆ గంటకు ధవళేశ్వరంలో ప్రకటించిన మట్టాన్నీ రాస్తూ పోతే, రెండు మూడు వరదల తరువాత, అక్కడ ఎన్ని అడుగులు ఉన్నప్పుడు, ఎన్ని గంటల్లో నీరు మీ వీధి చేరుతుందో మీ పుస్తకమే చెబుతుంది.