టీవీ వెనక ఫోన్ జాక్ దేనికి? ఆ బాక్సు మన మాటలు వినేదా?

మీరు అడిగింది ఇదీ: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పాత ఇల్లు కొన్నారు. హాల్లో టీవీ పెట్టే గోడకి ఫోన్ జాక్ ఉంది. బేస్‌మెంట్‌లో పాత శాటిలైట్ రిసీవర్ ఒకటి దొరికింది, దాని వెనక కూడా ఫోన్ వైరు గుచ్చే చోటు ఉంది. టీవీకి ఫోన్ లైనుతో పనేంటి, అది మన మాటలు వినేదా, మనం చూసేవన్నీ కంపెనీకి చేరవేసేదా, ఇండియాలో అమ్మావాళ్ళింట్లో ఉన్న డీటీహెచ్ బాక్సు కూడా అంతేనా అని.

మాటలు వినేది కాదు. డబ్బు పెట్టి కొన్న సినిమాల లెక్క మాత్రం పంపేది. నేను 2004 నుంచి 2011 దాకా న్యూజెర్సీలో అద్దె ఇంట్లో అలాంటి బాక్సు వాడాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. దాని గురించి నాకు తెలిసినదాంట్లో సగం మా నాన్నగారి వల్ల తెలిసింది, అందుకే ఆయన సంగతి కూడా రాస్తున్నాను.

ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడినుంచి సిగ్నల్ మన డిష్ మీద పడుతుంది, అంతే. మన డిష్‌కి వినడమే వచ్చు, తిరిగి జవాబు చెప్పే శక్తి లేదు. 1994లో డైరెక్ టీవీ, 1996లో డిష్ నెట్‌వర్క్ మొదలైనప్పుడు ఇళ్ళల్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు. ఇంటినుంచి కంపెనీకి ఏదైనా కబురు వెళ్ళాలంటే ఉన్న ఒకే దారి ఫోన్ లైను. అందుకని బాక్సులోపలే చిన్న మోడెం పెట్టారు. అది ఏ అర్ధరాత్రో టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేసి, చెప్పాల్సింది చెప్పి పెట్టేసేది. మనకి బిల్లు పడేది కాదు.

చెప్పాల్సింది ఏమిటంటే, మొదటిది పే-పర్-వ్యూ. రిమోట్‌తో ఒక సినిమానో బాక్సింగ్ పోటీనో కొన్నామనుకోండి, ఆ సంగతి బాక్సులో గుచ్చిన స్మార్ట్ కార్డులో నమోదయ్యేది. సినిమా అప్పటికప్పుడే వచ్చేది. ఆ తర్వాత ఎప్పుడో మోడెం ఫోన్ చేసినప్పుడు లెక్క కంపెనీకి చేరి బిల్లులోకి ఎక్కేది. ఫోన్ లైను లేకపోతే ఇలా రిమోట్‌తో కొనడం కుదిరేది కాదు, కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి కొనాలి, దానికి పైన ఇంకొంత వేసేవాళ్ళు.

రెండోది కంపెనీకి ఇంకా ముఖ్యం. ఇంట్లో రెండో బాక్సు పెట్టుకుంటే నెలకి ఐదు డాలర్లో ఎంతో, పూర్తి ప్యాకేజీ డబ్బులు కట్టక్కర్లేదు. దాంతో చాలామంది రెండో బాక్సు తీసుకుని ఫ్రెండు అపార్ట్‌మెంట్‌లో పెట్టి చెరి సగం పంచుకునేవాళ్ళు. అన్ని బాక్సులూ ఒకే ఫోన్ లైనుకి ఉంటే అవతల ఒకే నంబరు కనిపిస్తుంది, అన్నీ ఒకే ఇంట్లో ఉన్నాయని కంపెనీకి నమ్మకం. లైను పెట్టకపోతే అదనపు ఫీజు. మా ఇంటికి బిగించడానికి వచ్చినతను కూడా అదే చెప్పాడు: "లైను పెట్టించుకోండి, లేకపోతే నెలనెలా ఫీజు పడుతుంది." దేనికి లైను అని అడిగితే "సర్వీసు కోసం" అన్నాడు. మా టీవీ దగ్గర జాక్ లేదు. వంటింటి జాక్ దగ్గరనుంచి గోడ అంచు వెంబడి వైరు లాక్కొచ్చి, మేకులు కొట్టి వెళ్ళిపోయాడు. మీ హాల్లో జాక్ గోడలోనే ఉందంటే ముందున్నవాళ్ళు శ్రద్ధగా పని చేయించుకున్నారన్నమాట.

2005 నవంబరులో మా అమ్మ పోయింది. మరుసటి ఏడాది వేసవిలో నాన్నని మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆయన తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన వారానికే ఒక మధ్యాహ్నం టీవీ చూస్తుంటే ఫోన్ మోగింది, అదే క్షణంలో తెర మీద ఆ నంబరు కూడా పడింది. ఫోన్ లైను ఉంటే కాలర్ ఐడీని తెర మీద చూపించే సదుపాయం ఆ బాక్సుల్లో ఉండేది. మేం దానికి అలవాటుపడి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన మాత్రం ఫోన్ ఎత్తకుండా టీవీ వైపే చూస్తూ, "ఒరే, మన ఫోన్ నంబర్లు దీనికెందుకు తెలియాలి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మెనూలో వెతికితే పాత కాల్స్ జాబితా కూడా ఉంది, తేదీ, టైముతో సహా.

ఆయనకి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ప్రయాణం బడలిక కొంత, అమ్మ లేని దిగులు కొంత. రెండింటికి లేచి వంటింట్లో గోడఫోన్ దగ్గర నిలబడి, కాలింగ్ కార్డు గీకి, తెనాలిలో మా అత్తయ్యకి ఫోన్ చేసేవారు. ఒక రాత్రి ఫోన్ ఎత్తగానే డయల్ టోన్ బదులు కీమని సన్నటి కూత, వెంటనే గరగర. పెట్టేసి మళ్ళీ ఎత్తితే టోన్ మామూలుగా వచ్చింది. మర్నాడు అదే టైముకి మళ్ళీ అదే. మూడో రాత్రి చేతిగడియారం పెట్టుకుని కాచుకు కూర్చున్నారు. నన్ను లేపి, "ఈ లైను మీద ఇంకెవరో మాట్లాడుతున్నారు రా. మనిషి కాదు, మిషను" అన్నారు.

నేను లేచి వెళ్ళేసరికి ఆయన నేలమీద మోకాళ్ళ మీద ఉన్నారు. టార్చిలైటు వేసి, వంటింటి జాక్ దగ్గరనుంచి ఆ బూడిదరంగు వైరుని వేలితో తడుముకుంటూ, మేకు మేకుకీ ఆగుతూ, హాలు దాటి టీవీ స్టాండు వెనక్కి వెళ్ళారు. క్లిప్పు నొక్కి వైరు లాగేశారు. తర్వాత రెండు రోజులూ రాత్రి ఫోన్ ఎత్తి విన్నారు, కూత లేదు. "చూశావా" అన్నారు. ఆ ముఖంలో చాలా నెలల తర్వాత కొంచెం వెలుగు కనిపించింది.

వరసగా మూడు రాత్రులు ఎందుకు చేసిందో కూడా ఆయనే తేల్చారు. బాక్సు ఫోన్ చేస్తున్న సమయంలో ఇంట్లో ఇంకో ఫోన్ ఎత్తితే కాల్ తెగిపోతుంది, పని పూర్తవలేదు కాబట్టి మర్నాడు మళ్ళీ ప్రయత్నిస్తుంది. అంటే ఈయన వినడానికి ఎత్తిన ప్రతిసారీ దాన్ని చెడగొడుతున్నారు. మాటలు వినే సంగతి నేను అడిగాను. వినాలంటే మనం మాట్లాడుతున్నంతసేపూ అది లైను మీద ఉండాలి, ఆ మాటల్ని ఎక్కడో దాచాలి, తర్వాత ఆ పాత మోడెం మీద గంటలకొద్దీ పంపాలి, అదంతా ఈ పెట్టె చేసే పని కాదు అన్నారు. ఈ ఒక్క విషయంలో భయం అక్కర్లేదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

కానీ ఆయన రెండో ప్రశ్న వేశారు: "మరి ఏం పంపుతోంది? కాల్స్ జాబితా కూడా పోతోందా?" కాల్ సెంటర్‌కి ఫోన్ చేశాను. నలభై నిమిషాల్లో ముగ్గురు మారారు. ఒకరు బాక్సు అసలు ఏమీ పంపదన్నారు, ఇంకొకరు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసం అన్నారు, మూడో ఆవిడ లైను తీసేస్తే ఫీజు పడుతుందని మాత్రం స్పష్టంగా చెప్పింది. నాకు కోపం వచ్చింది అక్కడే. నా ఇంట్లో, నా ఫోన్ లైను మీద, అర్ధరాత్రి ఏం మాట్లాడుతున్నారో చెప్పమంటే చెప్పగలిగే మనిషి ఒక్కరు లేరు.

అప్పుడు బిల్లుతోపాటు ఏడాదికోసారి వచ్చే ప్రైవసీ నోటీసు తీసి మొదటిసారి చదివాను. సన్నటి అక్షరాలు, మడతలు పడ్డ కాగితం. అది ఊరికే పంపేది కాదు, చట్టం ప్రకారం పంపాల్సిందే. కేబుల్ కంపెనీలకి 1984లోనే అమెరికా ఆ నియమం పెట్టింది: మన గురించి ఏం సేకరిస్తున్నారో ఏటా రాసి ఇవ్వాలి, మన అనుమతి లేకుండా మనం చూసిన వివరాలు బయటికి ఇవ్వకూడదు, మన వివరాలు మనకి చూపించమని అడిగే హక్కు ఉంటుంది. శాటిలైట్ కంపెనీలకి ఇదే రక్షణ 2004 చివర్లో గానీ రాలేదు. అంటే డిష్‌లు మొదలైన పదేళ్ళ వరకూ ఆ చట్టంలో వాటి ఊసే లేదు. మనం చూసే సినిమాల జాబితా ఎంత సొంత విషయమో అమెరికా 1987లోనే చూసింది. సుప్రీంకోర్టుకి ప్రతిపాదించిన రాబర్ట్ బోర్క్ అనే జడ్జి అద్దెకి తెచ్చుకున్న వీడియోల జాబితాని ఒక వాషింగ్టన్ పత్రిక అచ్చువేసింది. మరుసటి ఏడాదే వీడియో షాపులకి చట్టం వచ్చింది.

నోటీసులో ఉన్న చిరునామాకి ఉత్తరం రాశాను, నా వివరాలు పంపండని. నెల దాటాక నాలుగు పేజీలు వచ్చాయి. పేరు, చిరునామా, బాక్సుల నంబర్లు, కట్టిన బిల్లులు, పే-పర్-వ్యూ కొనుగోళ్ళు. గంట గంటకీ ఏ ఛానెల్ చూశామో అందులో లేదు, కాల్స్ జాబితా కూడా లేదు. ఊపిరి పీల్చుకున్నాను. కానీ కొనుగోళ్ళ పేజీ దగ్గర ఆగిపోయాను. 2005 నవంబరులో ఒకే వారంలో నాలుగు సినిమాలు, అన్నీ రాత్రి ఒంటిగంట తర్వాత. అమ్మ పోయిన వారం అది. వీసా కాగితాల చిక్కు వల్ల వెళ్ళలేక, పడుకోలేక, ఏదో ఒకటి పెట్టుకుని కూర్చున్న రాత్రులు. సినిమా పేర్లు చూస్తే అందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. పక్కన వేసిన టైములు చూస్తే ఆ ఇంట్లో ఎవరో నిద్రపోవడం లేదని ఎవరికైనా తెలుస్తుంది. ఆ కాగితం నాన్నకి చూపించలేదు.

ఇదే కాలంలో టీవీ కార్యక్రమాల్ని రికార్డు చేసిపెట్టే టీవో బాక్సులు కూడా రాత్రిళ్ళు ఫోన్ లైను మీదే కార్యక్రమాల పట్టిక తెచ్చుకుని, చూసినవాటి చిట్టా పంపేవి. డెన్వర్ యూనివర్సిటీలోని ప్రైవసీ ఫౌండేషన్ 2001లో దీన్ని బయటపెట్టింది. వివరాలు పేరు లేకుండా కలిపి వాడతామని కంపెనీ చెప్పింది. 2004లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ మధ్యలో గాయని జానెట్ జాక్సన్ దుస్తులు జారిన ఘటనని జనం ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశారో టీవో లెక్క ప్రకటించినప్పుడు, మన రిమోట్ నొక్కుళ్ళు కూడా లెక్కలోకి వస్తాయని చాలామందికి అప్పుడే తెలిసింది. చూసేవన్నీ పంపేదా అన్న మీ ప్రశ్నకి "బాక్సుని బట్టి" అనాలని నాకు మొదట అనిపించింది ఇందుకే. మామూలు రిసీవర్ వేరు, రికార్డింగ్ చేసేది వేరు.

ఇక మేం ఏం చేశామంటే, వైరు పూర్తిగా తీసేసి ఫీజు కట్టలేదు, అలాగని ఎప్పుడూ పెట్టి ఉంచలేదు. నాన్న ఆ వైరు చివర బ్యాండేజీ ప్లాస్టర్ చుట్టి, బాల్‌పెన్నుతో "టీవీ" అని తెలుగులో రాశారు. నెలలో రెండు రాత్రులు గుచ్చి, మిగతా రోజులు తీసి ఉంచేవాళ్ళం. మాకు ఫీజు పడలేదు. కాలర్ ఐడీ తెర మీద పడటం ఆగిపోయింది, దానివల్ల ఏ లోటూ రాలేదు.

ఇప్పటి టీవీల గురించి మీరు అడగలేదు గానీ, అసలు చూసుకోవాల్సింది అక్కడ. కొత్త స్మార్ట్ టీవీల్లో తెర మీద బొమ్మని చూసి ఏ కార్యక్రమమో గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మీరు డిష్ పెట్టినా, డీవీడీ పెట్టినా దానికి ఒకటే. విజియో కంపెనీ కోటీ పది లక్షల టీవీల నుంచి చెప్పకుండా ఇలా సెకను సెకనుకీ సేకరించిందని వినియోగదారుల తరఫున చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, మన న్యూజెర్సీ రాష్ట్రం కలిసి కేసు పెడితే, 2017లో 22 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. నేను చెప్పిన 1984 చట్టం కేబుల్, శాటిలైట్ కంపెనీల కోసం రాసింది, టీవీ తయారుచేసేవాళ్ళ కోసం రాసింది కాదు. కొత్త టీవీ బిగించిన రోజే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అనే చోటికి వెళ్ళి, "చూసే సమాచారం" పేరుతో ఉన్నవన్నీ ఆపెయ్యండి. మొదట్లో "అంగీకరిస్తున్నాను" అని తొందరలో నొక్కింది అదే.

అమ్మావాళ్ళ డీటీహెచ్ బాక్సుకి ఇంటర్నెట్ లేకపోతే బెంగ అక్కర్లేదు. దానికి మామూలుగా ఫోన్ లైను ఉండదు, రీచార్జి చేసినా ఛానెళ్ళ ప్యాక్ మార్చినా మనం ఫోన్‌లో చేసినదే పైనుంచి కిందికి వస్తుంది. రేటింగుల కోసం బార్క్ సంస్థ ఎంపిక చేసిన కొన్ని ఇళ్ళల్లో మీటర్లు పెడుతుంది, అది వేరే సంగతి. కొత్త సెట్‌టాప్ బాక్సుల్లో ఏం చూస్తున్నారో తెలిపే చిప్ పెట్టాలని 2018లో సమాచార ప్రసార శాఖ ప్రతిపాదిస్తే ప్రైవసీ మాటేమిటని గట్టిగానే అభ్యంతరాలు వచ్చాయి. ఇంటర్నెట్‌కి కలిపే ఆండ్రాయిడ్ బాక్సయితే మాత్రం స్మార్ట్ టీవీకి చెప్పిన జాగ్రత్తే.

మీ గోడ జాక్‌లో మామూలు ఫోన్ ఒకటి పెట్టి చూడండి. టోన్ రాకపోతే లైను చచ్చినట్టే, అవి ఉత్త రాగి తీగలు, పైన ఖాళీ ప్లేటు బిగించేస్తే సరి. టోన్ వస్తే ఎవరి పేరు మీద ఉందో ఫోన్ కంపెనీని అడగండి. బేస్‌మెంట్‌లోని రిసీవర్‌ని అలాగే చెత్తలో పడెయ్యకండి. ముందు కార్డు తీసి కత్తిరించండి. తర్వాత టీవీకి తగిలించి, మెనూలో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. దారిలో కాల్స్ జాబితా కనబడితే తెరవకండి. మీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకి ఏ రాత్రి ఎవరు ఫోన్ చేశారో అందులో ఇంకా ఉండొచ్చు.