‘ఐ యామ్ ఫైన్ టీచర్’

ప్రశ్న: టీచర్ గారూ, నేను కోనసీమలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి చెబుతున్నాను. మా క్లాసులో ఒక పాప వాళ్ల అమ్మ వేసవి సెలవుల్లో ఇంటిపని కోసం కువైట్ వెళ్లింది. పాప అమ్మమ్మ దగ్గర ఉంటోంది. బడి తెరిచినప్పటినుంచీ మాటా లేదు, ఆటా లేదు. నాకు ఎక్కువ బాధగా ఉన్నది మిగతా పిల్లల తీరు చూసి. ఒక్కరు కూడా ‘ఏమైందే?’ అని అడగరు. పక్కవాళ్లు ఎలా ఉన్నారో పట్టించుకోవడం ఈ వయసు వాళ్లకి నేర్పగలమా?
– ఒక ఉపాధ్యాయిని, అమలాపురం దగ్గర

జవాబు: అమ్మా, ముందు నాదొక అనుమానం. వాళ్లు అడగలేదని మీకెలా తెలుసు? మీ ముందు అడగలేదు, అంతే కదా. బోరింగు దగ్గర వాళ్లది వేరే లోకం.

నా క్లాసులోనూ ఒక బాబు ఉండేవాడు, వాళ్లమ్మా కువైట్‌లోనే. అక్కడ వారం సెలవు శుక్రవారం. ఆ రోజే ఆవిడ ఫోను చేసేది. ఫోను రాని వారం, శనివారం పొద్దున వాడు పుస్తకం తెరిచేవాడు కాదు. ఈ లెక్క నాకు దసరా దాకా అంతుపట్టలేదు. వాడి పక్కన కూర్చునే పిల్లకి మొదటి నెలలోనే తెలుసు. ‘మరి నాకు చెప్పలేదేమే?’ అన్నాను. ‘మీరడగలేదు కదండీ’ అంది.

దాంతో నాకు పట్టుదల వచ్చి, రోజూ పొద్దున్నే క్లాసంతటినీ ‘హౌ ఆర్ యూ?’ అని అడగడం మొదలుపెట్టాను. ముప్ఫై గొంతులు ఒక్కసారే ‘ఐ యామ్ ఫైన్ టీచర్, థాంక్యూ టీచర్!’ ఆ బాబు కూడా. ఎలా ఉన్నావంటే బాగున్నాననే చెప్పాలని ఒకటో తరగతిలో బట్టీ పట్టించింది నేనే మరి.

ఒకరోజు మా అత్తగారిని ఆస్పత్రిలో చేర్చి నేరుగా బడికి వచ్చాను. పిల్లలతో ఉన్నమాట చెప్పేశాను: ‘రాత్రి నిద్ర లేదర్రా, ఇవాళ కొంచెం చిరాగ్గా ఉంటాను.’ క్లాసు గప్‌చుప్. కాసేపటికి ఒకడు వాళ్ల నీళ్లసీసా తెచ్చి నా బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నాడు. మర్నాడు ఇద్దరు ముగ్గురు ‘మీ అత్తగారికెలా ఉందండీ?’ అని అడిగారు. ఆ మర్నాటి ప్రశ్నే నేర్పాల్సింది అని అప్పుడు తెలిసింది.

మొన్నీమధ్య మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు మనవరాలు పసుపు గౌను వేసుకుని బడికెళ్లింది. అక్కడ సెప్టెంబరు రెండో గురువారం ‘ఆర్ యూ ఓకే?’ దినం, పసుపు దాని రంగు. తండ్రిని ఆత్మహత్య వల్ల పోగొట్టుకున్న గావిన్ లార్కిన్ అనే ఆయన 2009లో మొదలుపెట్టాడు. అడుగు, విను, ఏదైనా చేసేలా ప్రోత్సహించు, మళ్లీ పలకరించు అని నాలుగు మెట్లు చెబుతారు. మొదటిది మనకి కొత్తేం కాదు, ‘తిన్నావా?’ అనే మాటే అది. నాకు నచ్చింది నాలుగోది.

మీ పాప సంగతి. దయచేసి ఆమెను నిలబెట్టి ‘అందరూ తనతో మాట్లాడండి’ అనకండి. క్లాసంతా చుట్టూ మూగి ‘మీ అమ్మ ఎప్పుడొస్తాది?’ అని పొడుస్తారు. మధ్యాహ్న భోజనం దగ్గర ఒకరిద్దరికి మాత్రం చెప్పండి: ‘ఏమైంది’ అనొద్దు, ‘నీ పక్కన కూర్చోనా?’ అనండి అని. వద్దంటే ఊరుకుని, రేపు మళ్లీ అడగమనండి. గుడ్డు ముట్టకుండా వదిలేసిన సంగతి మనకన్నా ముందు పక్కవాళ్లే చూస్తారు. లీడరు చేత మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించే అలవాటుంటే మానేయండి (నేనూ పాతికేళ్లు రాయించాను, ఏం లాభం!). నిన్న రానివాళ్లని ఇవాళ పలకరించే పని అప్పజెప్పండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. బాగు చేయడం పిల్లల పని కాదు. ‘కొడుతున్నారు, ఎవరికీ చెప్పకు’ అని స్నేహితురాలు అంటే ఆ రహస్యాన్ని ఎనిమిదేళ్ల పిల్ల మోయకూడదు, మీ దగ్గరికి రావాలి. చాడీలు చెప్పొద్దని మనమే కసిరి ఉంటాం కాబట్టి తేడా విడమరచండి: ఒకరికి దెబ్బలు తినిపించడానికి చెప్పేది చాడీ, ఒకరికి సాయం తేవడానికి చెప్పేది కాదు. అలాంటి మాట మీ దాకా వస్తే చైల్డ్‌లైన్ 1098 ఉంది, ఎప్పుడైనా చేయొచ్చు. దిగులు వారాల తరబడి తగ్గకపోతే అమ్మమ్మని కలిసి మాట్లాడండి. మానసిక ఆరోగ్య సలహాలిచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి మీరే ఫోను చేసి అడగొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

రేపు మొదట చేయాల్సింది, ఆ పాప పక్కన కూర్చునే పిల్లని విడిగా పిలిచి అడగండి. ఫోను ఏ రోజు వస్తుందో ఆ పిల్లకి తెలిసే ఉంటుంది.