మూడున్నర వేల మందికి అసెంబ్లీ ఎందుకు?

"ఫాక్‌లాండ్ దీవుల్లో ఉండేదే మూడున్నర వేల మంది, వాళ్లకు అసెంబ్లీ దేనికి? ఎలా నడుస్తుంది?" అని ఒకరు అడిగారు. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో బ్రిటన్ కింద ఉన్న దీవులివి. పని మీద కొంతకాలం అక్కడి రాజధాని స్టాన్లీలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. అంత చక్కగా నడిచే సభను నేనెక్కడా చూడలేదు. అక్కడ పార్టీలు లేకపోవడమే దానికి కారణమని నా గట్టి నమ్మకం.

మొత్తం ఎనిమిది మంది సభ్యులు. నాలుగేళ్లకోసారి ఎన్నికలు. స్టాన్లీ నుంచి ఐదుగురు, బయట గొర్రెల ఫారాలుండే ప్రాంతమంతటికీ, అంటే అక్కడివాళ్లు 'క్యాంప్' అనేదానికి, ముగ్గురు. ప్రభుత్వ ఉద్యోగులకు పెద్ద అయిన చీఫ్ ఎగ్జిక్యూటివ్, ఫైనాన్స్ డైరెక్టర్ కూడా సభలో కూర్చుంటారు గానీ వాళ్లకు ఓటు లేదు.

ఓసారి సూపర్‌మార్కెట్‌లో ఉల్లిపాయలు ఏరుకుంటుంటే, పక్కనే ఒక స్టాన్లీ ఎమ్మెల్యే బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నారు. వెస్ట్ ఫాక్‌లాండ్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఆయన్ని ఆపి, తమ ఫారానికెళ్లే కంకర రోడ్డు గుంతల గురించి నిలదీశారు. ఆమెది క్యాంప్ ఓటు, ఆయనకు పడేది కాదు. అయినా జేబులోంచి చిన్న పుస్తకం తీసి, గుంతలు ఎక్కడెక్కడున్నాయో అడిగి మరీ రాసుకున్నారు. అక్కడ సమావేశం చివర్లో సభ్యులు తమకు తోచిన విషయం మాట్లాడే వీలుంటుంది. తర్వాతి సమావేశం రేడియోలో వింటుంటే ఆయన నోట ఆ రోడ్డు మాటే వచ్చింది! మన దగ్గర ఎమ్మెల్యేకు అర్జీ ఇవ్వాలంటే ముందు మండల నాయకుడు, ఆ తర్వాత పీఏ. ఇక విప్ జారీ అయిందంటే సొంత ఊరి గోడు కూడా పక్కన పెట్టాల్సిందే.

క్యాంప్‌లో అంత తక్కువ జనానికి ముగ్గురా అంటారు కొందరు. రెండు నియోజకవర్గాలనూ కలిపేద్దామని 2011లో, మళ్లీ 2020లో రెఫరెండం పెట్టినా నెగ్గలేదు. నాకైతే అదే న్యాయం. దూరాన ఉన్నవాడికి గొంతు కాస్త ఎక్కువే ఉండాలి.

ఈ ఎనిమిది మందీ ఏటా తమలోంచి ముగ్గురిని ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌కు, అంటే మన మంత్రివర్గం లాంటిదానికి, ఎన్నుకుంటారు. అందులో స్టాన్లీ నుంచి ఒకరు, క్యాంప్ నుంచి ఒకరు తప్పకుండా ఉండాలి. గవర్నర్ అధ్యక్షత వహిస్తారు. రక్షణ, విదేశాంగం బ్రిటన్ చూసుకుంటుంది. కౌన్సిల్‌లో ఆ ముగ్గురి పదవి నిలవాలంటే ఏడాది తిరిగేసరికి మళ్లీ తోటి సభ్యుల ఓటు కావాలి. నిద్రపోయే వీల్లేదు.

ఫాక్‌లాండ్ అనగానే అందరూ బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన 1982 యుద్ధం గురించే మాట్లాడతారు, ఈ సభ గురించి ఎవరూ రాయరు. అది నాకు బాధ. ఇంకో బాధ కూడా ఉంది. 'స్టేటస్', అంటే స్థానికుడన్న హక్కు, ఉంటేనే అక్కడ ఓటు, ఆ స్టేటస్‌కు దరఖాస్తు పెట్టాలంటే ఏడేళ్లు ఉండాలి. పర్మిట్ల మీద వచ్చి షాపుల్లో, హోటళ్లలో పనిచేసేవాళ్లు ఎందరో అన్నాళ్లూ ఓటు లేకుండానే పన్ను కడతారు. నన్నడిగితే ఆ స్టేటస్ మూడేళ్లకే ఇచ్చేయాలి.